సెక్యూరిటీ గార్డు కావాలంటే ఏమేం కావాలి? కాగితాల నుంచి మొదటి డ్యూటీ దాకా

"గార్డు లైసెన్స్ ఎక్కడ ఇస్తారు? ఎంత కట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. అసలు విషయం ఏంటంటే, మన దేశంలో గార్డుకు విడిగా లైసెన్స్ అంటూ లేదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం లైసెన్స్ తీసుకోవాల్సింది ఏజెన్సీ. ఆ చట్టం ఇంగ్లీషు పేరును పొట్టిగా చేసి, ఈ ఫీల్డులో దాన్ని అందరూ 'పసారా లైసెన్స్' అంటారు. గార్డు విషయంలో ఆ చట్టం చూసేది వయసు, నడవడిక, శరీర దారుఢ్యం, శిక్షణ. ఇవన్నీ సరిపోయాక ఏజెన్సీ ఇచ్చే ఫొటో గుర్తింపు కార్డే మీ ఆధారం.

కాబట్టి ఎవరైనా డబ్బులిస్తే గార్డు లైసెన్స్ చేయిస్తానంటే నమ్మొద్దు. ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్లు అప్పు తెచ్చి మరీ ఇలాంటివాళ్ల చేతిలో పోస్తున్నారు. వాళ్లకు దక్కేది ఏ ఏజెన్సీ గేటు దగ్గరా చెల్లని ప్లాస్టిక్ కార్డు మాత్రమే.

కింద రాసిన కొలతలు, శిక్షణ గంటలు కేంద్రం తయారుచేసిన మోడల్ రూల్స్‌లోవి. రాష్ట్రాలు తమ రూల్స్‌ను వాటి ఆధారంగానే చేసుకుంటాయి. మీ రాష్ట్రంలో ఏమైనా తేడా ఉందేమో చేరేముందు ఏజెన్సీలో అడగండి.

1. ముందు మీ అర్హత చూసుకోండి

- వయసు 18 నిండాలి, 65 నిండకూడదు.
- భారత పౌరులై ఉండాలి. కేంద్రం ప్రత్యేకంగా అనుమతించిన దేశాలవాళ్లకూ అవకాశం ఉంది.
- కోర్టులో శిక్ష పడి ఉండకూడదు.
- సైన్యం, పోలీసు, ప్రభుత్వ ఉద్యోగం, మరో సెక్యూరిటీ ఏజెన్సీ, ఇలా ఎక్కడ పనిచేసినా దుష్ప్రవర్తన కారణంగా తీసేసి ఉండకూడదు.

చదువు గురించి చాలామందికి అనవసరమైన భయం ఉంది. పదో తరగతి పాసై తీరాలని మోడల్ రూల్స్‌లో లేదు. గుర్తింపు కార్డుల మీద, తనిఖీ పత్రాల మీద ఉండే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. కాకపోతే ఐటీ కంపెనీలు, పెద్ద ఆసుపత్రులు తమ సైట్లకు పదో తరగతి, ఇంటర్ కావాలని సొంతంగా షరతు పెడతాయి. చదువు తక్కువైతే అపార్ట్‌మెంట్లు, గోడౌన్లు, ఫంక్షన్ హాళ్ల డ్యూటీలతో మొదలుపెట్టొచ్చు.

మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు, హోంగార్డులుగా చేసినవాళ్లకు ఏజెన్సీలు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మీరు ఆ కోవలో ఉంటే డిశ్చార్జి బుక్కో, సర్వీసు సర్టిఫికెట్టో దగ్గర పెట్టుకోండి.

2. ఏజెన్సీ మిమ్మల్ని చూసేలోపు మీరే ఏజెన్సీని చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తర్వాత వచ్చే తిప్పలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

పసారా లైసెన్స్‌ను ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలని చట్టం చెబుతోంది. మీరు లోపలికి వెళ్లగానే గోడ మీద వెతకండి. కనిపించకపోతే అడగండి, అడగడం తప్పేమీ కాదు. లైసెన్స్‌లో మూడు విషయాలు చూడాలి.

- గడువు. లైసెన్స్ 5 ఏళ్లకు ఇస్తారు. ఆ తేదీ దాటిపోయిందా?
- పరిధి. ఒక జిల్లాకు, 2 నుంచి 5 జిల్లాలకు, రాష్ట్రమంతటికీ వేర్వేరుగా ఇస్తారు. మిమ్మల్ని పంపే సైట్ ఆ పరిధిలోనే ఉందా?
- పేరు. లైసెన్స్ మీద, అపాయింట్‌మెంట్ లెటర్ మీద, జీతం వేసే ఖాతాలో ఒకే పేరుందా? లైసెన్స్ ఒకరిది, మనుషుల్ని పెట్టేది ఇంకొకరు అయితే రేపు పీఎఫ్ గురించి అడగడానికి మీకు దిక్కుండదు.

లైసెన్స్ లేకుండా నడిపితే యజమానికి ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గార్డుకు జైలు ఉండకపోవచ్చు. కానీ ఏజెన్సీ మూతపడితే ఆ నెల జీతం ఇరుక్కుపోయేది మీదే.

3. కాగితాలన్నీ ఒకే పేరు మీదికి తెచ్చుకోండి

మన దగ్గర ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. పదో తరగతి మెమోలో 'కొండపల్లి వెంకట రమణ', ఆధార్‌లో 'కె వెంకటరమణ', బ్యాంకు పుస్తకంలో 'రమణ కె' అని ఉంటుంది. మనిషి ఒక్కడే అని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. పీఎఫ్ కేవైసీ తిరిగొస్తుంది, పోలీసు వెరిఫికేషన్‌లో ప్రశ్నలొస్తాయి, మొదటి జీతమే ఆలస్యమవుతుంది.

సరిచేసుకునే పద్ధతి ఇది. మెమో ఉంటే అందులోని పేరునే ఆధారంగా పెట్టుకోండి. ముందు ఆధార్, ఆ తర్వాత పాన్, బ్యాంకు, ఈ వరుసలో మార్పించండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండే అవకాశాలు, పుట్టిన తేదీకి ఒక్కటే. కాబట్టి ఆధార్ సెంటర్‌లో రసీదు మీద సంతకం పెట్టే ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసుకోండి.

ఫైల్‌లో ఉండాల్సినవి:

- ఆధార్, పాన్, ఓటరు కార్డు
- పదో తరగతి మెమో లేదా చివరిగా చదివిన బడి టీసీ
- బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ
- పాత ఉద్యోగం ఉంటే రిలీవింగ్ లెటర్, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్), ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) నంబర్లు
- ఒకే రకం పాస్‌పోర్ట్ సైజు కలర్ ఫొటోలు
- నామినీగా పెట్టే భార్య, తల్లి లేదా పిల్లల ఆధార్ కాపీలు

ఒరిజినల్స్ చూపించండి, ఇచ్చేది మాత్రం కాపీలే. "ఒరిజినల్ మెమో మా దగ్గరే ఉంచుతాం, మానేసినప్పుడు తీసుకుందువు" అనే ఏజెన్సీలో చేరకపోవడమే మంచిది. ఆ మెమో చేతిలో లేక, జీతం పెరిగే చోటికి వెళ్లలేక ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్లున్నారు.

4. పోలీసు వెరిఫికేషన్ అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి

ఎక్కువ సమయం తినేది ఇదే కాబట్టి శిక్షణ పూర్తయ్యేదాకా ఆగొద్దు. మోడల్ రూల్స్ ప్రకారం పోలీసులు 90 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అంటే మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఏజెన్సీ ఇచ్చే ఫారంలో మీ వివరాలు, ఉన్న చిరునామాలు రాయాలి. గత 5 ఏళ్లలో ఒకటి కంటే ఎక్కువ జిల్లాల్లో ఉంటే, ఎన్ని జిల్లాలో అన్ని ఫారాలు నింపాలి. ఈ ఐదేళ్లలోనే కొన్నాళ్లు శ్రీకాకుళంలో ఉండి, రెండేళ్లు విశాఖలో కూలికి వెళ్లి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటే మూడు ఫారాలన్నమాట. చాలామంది ఒక్క ఆధార్ చిరునామా రాసి ఊరుకుంటారు. మధ్యలో ఉన్న ఊరు బయటపడితే దాచారని అనుకుంటారు.

విచారణకు వచ్చిన కానిస్టేబుల్ మీరున్న చోటికొచ్చి ఇరుగుపొరుగును అడుగుతారు, స్టేషన్ రికార్డు చూస్తారు. అందుకే అద్దె ఇంటి ఓనర్‌కు, పక్కింటివాళ్లకు ముందే చెప్పి ఉంచండి. "ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరు" అని ఓనర్ తెలియక అన్న ఒక్క మాటతో మళ్లీ మొదటికొస్తుంది.

రిపోర్టు ఒకసారి వచ్చాక 3 ఏళ్లు చెల్లుతుంది. కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఏజెన్సీ మారినా గడువు ఉన్నంతవరకు అది పనికొస్తుంది.

పాత కేసులుంటే? పెండింగ్ కేసు వేరు, శిక్ష వేరు. కేసు కొట్టేసి ఉంటే తీర్పు కాపీ తెచ్చి జతచేయండి. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికి, కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కడితే ఆ రోజుతో అయిపోయిందని అనుకుంటారు. రికార్డులో అది శిక్షగానే నిలుస్తుంది. ఇలాంటిది ఉంటే దాచకుండా ఏజెన్సీకి ముందే చెప్పండి. తర్వాత బయటపడితే ఈ ఉద్యోగమే కాదు, ఈ ఫీల్డులో పేరు కూడా పోతుంది.

5. శరీర దారుఢ్యం: టేపు పట్టుకుని ఇంట్లోనే చూసుకోండి

- ఎత్తు: మగవాళ్లకు 160 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 150.
- ఛాతీ: మగవాళ్లకు 80 సెంటీమీటర్లు, ఊపిరి పీల్చినప్పుడు మరో 4 పెరగాలి. ఆడవాళ్లకు ఛాతీ కొలత లేదు.
- బరువు: ఎత్తుకు తగ్గట్టు.
- చూపు: దూరపు చూపు 6/6. కళ్లద్దాలు పెట్టుకుని వచ్చినా సరే. రంగులు గుర్తుపట్టలేని లోపం ఉండకూడదు.
- వినికిడి: మాట, అలారం స్పష్టంగా వినపడాలి.
- మోకాళ్లు రాసుకోకూడదు, పాదం చదునుగా ఉండకూడదు.
- పరుగు: 6 నిమిషాల్లో ఒక కిలోమీటర్.

పాదం చూసుకోవడం సులువు. తడి కాలితో పొడి గచ్చు మీద నిలబడి అచ్చు చూడండి. లోపలివైపు వంపు కనిపించకుండా అరికాలంతా అచ్చు పడితే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను ఒకసారి కలవండి. రంగుల లోపం చాలామందికి పరీక్షలోనే బయటపడుతుంది. మెటల్ డిటెక్టర్ మీద ఎరుపు వెలిగిందో ఆకుపచ్చ వెలిగిందో తెలియకపోతే డ్యూటీ చేయలేరు కాబట్టి ఇందులో సడలింపు ఆశించొద్దు.

ఇక పరుగు. 400 మీటర్ల ట్రాక్ మీద అయితే రెండున్నర రౌండ్లు. ఒక్కో రౌండ్ 2 నిమిషాల 24 సెకన్లలో పూర్తిచేస్తే సరిగ్గా 6 నిమిషాలవుతుంది. పరుగు అలవాటు లేనివాళ్లు నెల ముందు మొదలుపెట్టండి. మొదటి వారం 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా అరగంట. రెండో వారం పరుగు 4 నిమిషాలకు పెంచి, నడక 1 నిమిషానికి తగ్గించండి. మూడో వారం ఆగకుండా కిలోమీటర్, టైమ్ చూడకుండా. నాలుగో వారం టైమ్ పెట్టుకోండి. మొదటి 200 మీటర్లు ఊపుగా పరుగెత్తి మధ్యలో రొప్పుతూ ఆగిపోవడం అందరూ చేసే తప్పు. మొదటి రౌండ్ రెండున్నర నిమిషాల్లో తీసి, చివరి అర రౌండులో వేగం పెంచండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

చేరాక కూడా ప్రతి 12 నెలలకోసారి మెడికల్ చేయించాల్సిన బాధ్యత ఏజెన్సీది. నైట్ డ్యూటీలు చేసేవాళ్లు దాన్ని గట్టిగా అడిగి చేయించుకోండి.

6. శిక్షణ: 160 గంటలు నిజంగా చేయండి

కొత్తవాళ్లకు క్లాసు 100 గంటలు, ఫీల్డు 60 గంటలు, కనీసం 20 పనిరోజులు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు క్లాసు 40, ఫీల్డు 16 గంటలు, కనీసం 7 పనిరోజులు. పాసైతే శిక్షణ సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. స్కిల్ ఇండియా కింద 'అన్‌ఆర్మ్‌డ్ సెక్యూరిటీ గార్డ్' పేరుతో నడిచే కోర్సులూ ఉన్నాయి. చేరేముందు ఆ సర్టిఫికెట్‌ను మీ ఏజెన్సీ ఒప్పుకుంటుందా అని అడిగి తెలుసుకోండి.

నేర్పాల్సినవి: నలుగురిలో నడవడిక, యూనిఫాం, వ్యాయామం, భవనాల భద్రత, మంటలు ఆర్పడం, గుంపును అదుపు చేయడం, గుర్తింపు కార్డుల తనిఖీ, అనుమానాస్పద పేలుడు వస్తువులను గుర్తించడం, ప్రథమ చికిత్స, విపత్తుల సమయంలో ఏం చేయాలి, పోలీసు, సైన్యం ర్యాంకు గుర్తులు, చట్టం గురించి ప్రాథమిక అవగాహన. తుపాకీ వాడకం కావాలనుకున్నవాళ్లకే.

రెండు రోజులు కూర్చోబెట్టి సర్టిఫికెట్ చేతికిచ్చే చోట్లు ఉన్నాయి. టైమ్ కలిసొచ్చిందని సంతోషపడతాం. అర్ధరాత్రి ప్యానెల్ రూమ్‌లో పొగ వచ్చినప్పుడు ఆ సర్టిఫికెట్ ఏమీ చేయదు. కరెంటు మంట మీద నీళ్లు పోయకూడదని, పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడాలని, అంతకంటే ముందు మెయిన్ ఆపాలని చేతికి అలవాటై ఉండాలి. సిలిండర్ పిన్ను ఒక్కసారైనా మీ చేత్తో లాగి చూడనిదే శిక్షణ అయిందని ఒప్పుకోవద్దు.

చట్టం క్లాసులో శ్రద్ధగా వినాల్సింది పట్టుకునే అధికారం గురించి. గార్డు పోలీసు కాదు, మామూలు పౌరుడే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 40వ సెక్షన్ ప్రకారం, మీ కళ్లముందే నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరం చేస్తున్నవాళ్లను పట్టుకోవచ్చు. అది కాక, కోర్టు 'ప్రకటిత నేరస్థుడు' అని ప్రకటించిన మనిషినీ పట్టుకోవచ్చు. ఇంకెవరినీ కాదు. పట్టుకున్నాక అనవసరమైన ఆలస్యం లేకుండా, ఎలాగైనా 6 గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. గదిలో పెట్టి కొట్టడం, ఫోన్ లాక్కుని చూడటం మీ పని కాదు. దొంగను పట్టుకున్న గార్డే ముద్దాయి అయ్యేది ఇలాంటప్పుడే. ఆడవాళ్ల ఒంటి తనిఖీ లేడీ గార్డే చేయాలి, చాటు ఉన్న చోట చేయాలి.

7. కార్డు, యూనిఫాం, నోట్‌బుక్

గుర్తింపు కార్డు మీద కలర్ ఫొటో, పూర్తి పేరు, ఏజెన్సీ పేరు, మీ నంబర్, హోదా, చెల్లే తేదీ ఉండాలి. డ్యూటీలో దాన్ని పైబట్ట మీద, నడుముకు పైన, కనిపించేలా పెట్టుకోవాలి. పోతే వెంటనే ఏజెన్సీకి చెప్పండి. నోటిమాటతో వదిలేయకుండా వాట్సాప్ మెసేజ్ పెట్టండి, తేదీ, టైమ్ అందులో ఉంటాయి.

డ్యూటీ ఎక్కేముందు ఒకసారి చూసుకోండి:

- చేతి మీద ఏజెన్సీ బ్యాడ్జి, భుజం మీద గానీ ఛాతీ మీద గానీ హోదా బ్యాడ్జి
- తాడుతో ఉన్న విజిల్, ఎడమ జేబులో
- లేసులున్న బూట్లు, టోపీ
- నోట్‌బుక్, పెన్ను

సైన్యం, పోలీసు యూనిఫాంలా కనిపించే బట్టలు ఇస్తే వేసుకోవద్దు. గార్డుకూ ఏజెన్సీ యజమానికీ ఇద్దరికీ ఏడాది దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "సైట్‌వాళ్లు అడిగారు" అన్నది అక్కడ చెల్లదు.

నోట్‌బుక్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఎంట్రీ ఇలా ఉండాలి: "రాత్రి 10.10. బేస్‌మెంట్ 2, పంపు రూమ్ తాళం తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. 10.25కి ప్లంబర్ వచ్చి తాళం వేశారు." ఇందులో టైమ్, చోటు, చూసింది, చేసింది ఉన్నాయి, అనుమానాలు లేవు. రేపు మోటార్ పోయిందని గొడవ వస్తే మిమ్మల్ని కాపాడేది ఈ నాలుగు వరుసలే. డ్యూటీలో తెలిసిన సైట్ విషయాలు బయట చెప్పకూడదని కూడా చట్టంలో ఉంది. సీసీ కెమెరా వీడియో ఫోన్‌లో తీసి గ్రూపులో పెట్టడం అందుకే ప్రమాదం.

8. సంతకం పెట్టేముందు జీతం లెక్క

చేతికొచ్చేది ఎంత అని కాకుండా, స్లిప్పు అడగండి. పీఎఫ్ కింద మీ నుంచి 12 శాతం కోస్తారు, సాధారణంగా యజమాని కూడా అంతే జమ చేయాలి. నెల జీతం 21,000 లోపు ఉంటే, ఈఎస్ఐ అమల్లో ఉన్న చోట మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే 16,000 జీతానికి మీ ఈఎస్ఐ కోత 120 రూపాయలు. యజమాని వాటా కూడా మీ జీతంలోంచే కోస్తుంటే అది తప్పు.

మనకు 12 గంటల డ్యూటీ మామూలైపోయింది. మామూలు పని గంటలు దాటి చేసినదానికి రెట్టింపు రేటు రావాలి. ఇలా అదనంగా చేసిన ఓటీ గంటలు మీ నోట్‌బుక్‌లోనూ రాసుకోండి, నెలాఖరులో మస్టర్‌తో (హాజరు పుస్తకంతో) సరిచూసుకోవచ్చు. యూనిఫాంకు, శిక్షణకు ఎంత కోస్తారో, ఎన్ని నెలలు కోస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

9. గన్‌మన్ డ్యూటీ, గల్ఫ్ డ్యూటీ

గన్‌మన్‌కు ఆయుధ చట్టం కింద లైసెన్స్ విడిగా కావాలి. పసారా లైసెన్స్ దానికి సరిపోదు. వేరేవాళ్ల లైసెన్స్ మీదున్న తుపాకీ పట్టుకుని నిలబడమంటే ఒప్పుకోవద్దు.

దుబాయ్‌లో పద్ధతి వేరు. అక్కడ సిరా అనే ప్రభుత్వ సంస్థ శిక్షణ, పరీక్ష పెట్టి గార్డుకే అనుమతి ఇస్తుంది. మన సర్టిఫికెట్ అక్కడ దానికి బదులు కాదు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) కిందికి వస్తుంది కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ ద్వారానే వెళ్లాలి. ఆ ఏజెంట్ తీసుకోగలిగిన గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి, ముందు అక్కడ అడగండి.

10. ఏజెన్సీ మారేటప్పుడు

- గుర్తింపు కార్డు తిరిగిచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. కార్డు మీ దగ్గరే ఉంటే దాన్ని ఎవరు ఎలా వాడినా మీ మీదికి వస్తుంది.
- యూనిఫాం, టార్చి, వాకీటాకీ అప్పగించినట్టు రాయించుకోండి.
- శిక్షణ సర్టిఫికెట్, పోలీసు రిపోర్టు, చివరి మెడికల్ కాపీలు తెచ్చుకోండి.
- రిలీవింగ్ లెటర్ అడగండి.
- పీఎఫ్‌లో మానేసిన తేదీ ఎక్కిందో లేదో రెండు నెలల తర్వాత చూసుకోండి. కొత్త ఏజెన్సీకి పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, కొత్తది తీయించుకోవద్దు.
- చివరి నెల జీతం, ఓటీ, యూనిఫాం డిపాజిట్ ఖాతాలో పడ్డాకే 'సెటిల్‌మెంట్ పూర్తయింది' అన్న కాగితం మీద సంతకం పెట్టండి.